ఇచ్చోడ దాకా ఒడిబియ్యం

ఆ పొద్దున బెల్లంపల్లి బొగ్గుబాయి క్వార్టర్‌లో ఉన్నవాళ్లు వీళ్లు. రాత్రి డ్యూటీ దిగివచ్చి, ముఖం మీద తువ్వాల కప్పుకొని నులకమంచంలో పడుకున్న ఇస్తారి. ఆ ఎండాకాలమే అతన్ని పెళ్లాడి, పదిహేడేళ్లకే కాపురానికొచ్చిన సరోజన. హుస్నాబాద్ దిక్కు పల్లె నుంచి కొడుకునూ కోడలినీ చూడవచ్చిన ఇస్తారి తల్లి లింగవ్వ. నిప్పుల కోసం వచ్చి, పిడకలో నిప్పు చల్లారిపోయినా లేవకుండా కూర్చున్న పక్కింటి శంకరవ్వ. మంచం కోడుకు కాలు కట్టేసిన పెట్టకోడిని కూడా లెక్కలో వేసుకోవచ్చు. అది లింగవ్వ చంకలో కూర్చొని పెద్దపల్లి నుంచి రైల్లో వచ్చింది.

లింగవ్వ ఒళ్లో కూర్చొని వచ్చింది మాత్రం బియ్యం మూట. రైలెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా దాన్ని ఆమె కింద పెట్టలేదు. అది ఇచ్చోడలో ఉన్న కూతురు అనసూర్యకు పోయాల్సిన ఒడిబియ్యం.

పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు బేసి ఏట ఒడి నిండా బియ్యం పోస్తారు. అనసూర్యకు పెళ్లయిన మూడో ఏట పోయాల్సినవి ఆగిపోయాయి. ఆ ఏడే తండ్రి రాయమల్లు పోయాడు. భర్త లేని తల్లి పోయకూడదు. అన్న ఇస్తారికి అప్పటికి పెళ్లి కాలేదు. పోయడానికి ఆ ఇంట్లో ముత్తయిదువే లేకుండా పోయింది. నడుమ అనసూర్యకు ఒక బిడ్డ పుట్టి, పురిట్లోనే పోయింది. పుట్టింటోళ్లు ఒడి నింపనిది బిడ్డ ఎట్ల నిలుస్తదని ఎవరో అన్నారని ఆ నోటా ఈ నోటా లింగవ్వ దాకా వచ్చింది. ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. ఇంటికి కోడలు వచ్చింది. ఇస్తారికి పెళ్లికి వాడుకున్న సెలవు తప్ప ఇంక సెలవు లేదు కాబట్టి అత్తాకోడళ్లే బయలుదేరాలి.

"పోసుడు నీ వంతు, చూసుడు నా వంతు" అని వచ్చిన రోజే చెప్పింది లింగవ్వ. "మా ఊర్ల మొగడు సచ్చినోళ్లు గోడకు నిలవడి చూస్తరు. నేను గట్లనే నిలవడ్త. నా బిడ్డ ఒడి నిండుతుంటే కండ్లార చూడాలె. ఇగ నేనేం అడగ."

సరోజన తలూపింది. ఆమె దేనికైనా తలే ఊపేది. ఊళ్లో బడిలో ఏడో తరగతి దాకా చదివింది. చదువేమో గానీ, మాటలన్నీ ఆ బళ్లోనే వదిలిపెట్టి వచ్చిందని లింగవ్వ అప్పటికే వాడంతా చెప్పింది.

లింగవ్వ స్నానానికి దడి వెనక్కి పోయింది. శంకరవ్వ మూట వంక చూసింది.

"అయ్యో, ఒడిబియ్యం తెల్లగనే ఇల్లు దాటుతయా? పసుపు కలుపవే పిల్లా. కొత్త కోడలివి, ఏమనుకుంటరు?"

సరోజనకు అది సబబుగానే తోచింది. చాట తెచ్చి, నూనె చుక్కలు వేసి, పసుపు చల్లి, గింజగింజకూ అంటేలా కలిపింది. కుడుకలూ, కర్జూరాలూ, పసుపుకొమ్ములూ, రవికెగుడ్డా పెట్టి మూట కట్టింది. లింగవ్వ తల తుడుచుకుంటూ వచ్చేసరికి మూట అంచున పసుపు మరక కనిపిస్తోంది.

"ఎవలు కలుపమన్నరు?"

సరోజన శంకరవ్వ వైపు చూసింది. శంకరవ్వకు అప్పుడే పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి. లేచి వెళ్లిపోయింది.

"తెల్లబియ్యమైతే నేను మోద్దును. పసుపు కలిసినంక నేను ముడ్తనా? ఇచ్చోడల కలుపుకుంటే పోవు గద! గంత దూరం ఇగ ఒక్కదానివే మొయ్యాలె. నేల మీద పెట్టద్దు, నాకియ్యద్దు. ముత్తయిదువ చేతులనే ఉండాలె."

తువ్వాల కింది నుంచి ఇస్తారి అన్నాడు: "ఇంట్ల రేషన్ బియ్యం ఉన్నయి గదనే అవ్వా. గవి కొండవోరాదు, తెల్లగ."

"గవి పుట్టింటి బియ్యమైతయార? మీ బాపు దున్నిన మడిల పండినయిర ఇవి. నీ రేషన్ల ఎవలు దున్నిండ్రు?"

ఇస్తారి లేచి వాళ్లను బస్సు దాకా సాగనంపాడు. బస్సు కదులుతుంటే లింగవ్వ కిటికీలోంచి అరిచింది: "కోడిని కొయ్యకుర!"

"కొయ్య తీయే. గుడ్లు పెట్టకపోతే మాత్రం చెప్పలేను."

మంచిర్యాల దాకా బాగానే గడిచింది. మూట సరోజన ఒళ్లో ఉంది. లింగవ్వ పక్కన కూర్చొని ఎదుటి సీట్లోవాళ్లతో, వెనక సీట్లోవాళ్లతో, టికెట్ కొట్టే కండక్టర్‌తో మాట్లాడింది. తాము ఎక్కడికి పోతున్నదీ, ఎందుకు పోతున్నదీ, కోడలికి మాటలు ఎందుకు రావన్నదీ బస్సంతటికీ తెలిసింది. సరోజన ఎర్రబడ్డ ముఖాన్ని కిటికీ వైపు తిప్పి, మైలురాళ్ల మీద రాసిన ఊళ్ల పేర్లు చదువుకుంటూ కూర్చుంది.

లక్షెట్టిపేటలో దిగేసరికి ఆమె చేతులు మొద్దుబారాయి. అది చిన్న కష్టం. పెద్ద కష్టం ఇంకొకటి. పొద్దుట్నుంచి ఆపుకుంటూ వచ్చింది, ఇక ఆగేలా లేదు. అత్తకు ఎలా చెప్పాలో తెలియక కాలు మార్చి కాలు మీద నిలబడింది.

లింగవ్వ అర్థం చేసుకుంది. "గది నోట్లెకెళ్లి చెప్పరాదా? ఉండు, ముత్తయిదువను తోలుకస్త" అని బస్టాండు మీద పడింది.

మొదట కనబడ్డ ఆమె చింతపండు గంప ముందు కూర్చొని ఉంది. లింగవ్వ నేరుగా అడిగింది: "చెల్లె, నీ పెనిమిటి మంచిగున్నడా?"

ఆమె గంప వదిలేసి లేచి నిలబడింది. "ఏమైంది ఆయనకు? ఎవలు చెప్పిండ్రు? పొద్దుగాల మంచిగనే పోయిండు గద!"

ఏమీ కాలేదని ఆమెను నమ్మించడానికి లింగవ్వకు చాలాసేపు పట్టింది. నమ్మాక ఆమె తిట్టడం మొదలుపెట్టింది. రెండో ఆమె గాజుల మలారం విప్పుకొని కూర్చుంది. అదే ప్రశ్నకు "ఉన్నడు, గా కల్లు దుకాన్ల. కావాల్నా? కొండవో" అంది, కానీ చేతినిండా గాజులు, ఎదుట బేరం, మూట పట్టుకోనంది. మూడో ఆమె పల్లీలు అమ్ముతున్న ముసలామె. "లేడు బిడ్డా" అని గంప కొంచెం జరుపుకుంది. లింగవ్వ ఆమె దగ్గర గుప్పెడు పల్లీలు కొని వచ్చింది.

చివరికి ఎదురైంది పోశవ్వ. అడవిలో వెదురు నరికే కూలీ. జన్నారం బస్సు ఆ రోజు రాదని, తాను మంచిర్యాల స్టేషన్లో వెదురు దించి ఖాళీగా తిరిగిపోతున్న లారీలో పోతున్నానని, వాళ్లనూ ఎక్కమని ఆమే అంది. లింగవ్వ తన ప్రశ్న అడిగింది.

పోశవ్వ ఆలోచనలో పడింది. "నన్నిడిసిపెట్టి ఇంకొకదాన్ని చేసుకున్నడు. నాలుగేండ్లాయె. ఉన్నట్టా, లేనట్టా? నువ్వే చెప్పు."

లింగవ్వ కూడా ఆలోచించింది. ఇలాంటిది ఆమెకు ఎప్పుడూ ఎదురుకాలేదు. పోశవ్వ మెడ వంక చూసింది. నల్లపూసల మధ్య పుస్తె ఉంది.

"బతికైతే ఉన్నడు గద?"

"ఉన్నడు. మొన్న సంతల కనవడ్డడు. బలిసిండు."

"అయితే పట్టు."

పోశవ్వ మూట అందుకొని నవ్వింది. "దొంగ ముండకొడుకు బతికుండుడు ఇన్నొద్దులకు నాకు పనికొచ్చింది."

సరోజన పరుగెత్తి పోయి వచ్చింది. లారీలో జన్నారం దాకా మూట పోశవ్వ ఒళ్లోనే ఉంది. సరోజన లారీ తొట్టిలో, వెదురు పొట్టు మీద, ఎవరి భుజమో చూసుకోకుండా వాలి నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి అది లింగవ్వ భుజం. లింగవ్వ కదలకుండా కూర్చొని ఉంది, మాట్లాడకుండా కూడా.

ఆ రాత్రి పోశవ్వ గుడిసెలోనే ఉన్నారు. మూట ఉట్టి మీద ఊగింది. తెల్లారి పోశవ్వ బస్సు దాకా వచ్చి, మూట సరోజన చేతికిచ్చి, "నా పేర గూడ ఒక దోసెడు పొయ్యి వదినె" అంది.

ఖానాపూర్ మీదుగా నిర్మల్ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బస్టాండు రేకుల కింద లింగవ్వ సద్ది మూట విప్పింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ. సరోజన రెండు చేతులతో బియ్యం మూట పట్టుకొని రొట్టె వంక చూస్తూ ఉంది.

"చూస్తే కడుపు నిండుతదా? నోరు తెరువు."

లింగవ్వ రొట్టె తుంచి, కారం అద్ది, కోడలి నోట్లో పెట్టింది. పక్కన కూర్చున్న మగవాళ్లు చూస్తున్నారు. సరోజన నమలడం ఆపి తల దించుకుంది.

"మొగోళ్లను చూసి నమలుడు బందు జేస్తవా? గంత సిగ్గైతే ఎట్ల బతుకుతవ్? మీ అవ్వ గిట్ల తినిపిచ్చిందా ఎన్నడన్న?"

"తినిపిచ్చింది. గని మీ అంత కారం పెట్టలే."

లింగవ్వ చేయి ఆగిపోయింది. తర్వాత పళ్లన్నీ కనబడేలా నవ్వింది. "మాటలొచ్చు! దీనికి మాటలొచ్చు! నా కొడుకు నాకు చెప్పనే లేదు." మిగిలిన రొట్టెకు కారం తక్కువ అద్దింది.

తిన్నాక ఎలా పోయాలో మళ్లీ చెప్పింది. ఇంటి దగ్గర ఒకసారి, పోశవ్వ గుడిసెలో ఒకసారి చెప్పినదే. రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాలి. కిందికి వంగి, ఒడి తాకేలా పోయాలి, పైనుంచి జారవిడవొద్దు. ఐదుసార్లు పోయాలి. తొందర పడొద్దు. "ఎంత నిమ్మలంగ పోస్తే నాకు గంతసేపు కనవడ్తది" అంది.

నిర్మల్ దాటాక ఘాట్ వచ్చింది. బస్సు మూలుగుతూ ఎక్కింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, టేకు ఆకులు కిటికీల్లోంచి తలలు తాకుతున్నాయి. సరోజన లోయ వైపు చూడలేక కళ్లు మూసుకొని, మూటను పొట్టకు అదుముకొని కూర్చుంది. ఒక మలుపు దగ్గర ఎదురుగా పత్తి లారీ వచ్చింది. డ్రైవర్ గట్టిగా బ్రేకు తొక్కాడు. అందరూ ముందుకు తూలారు. సరోజన చేతులు ఎదుటి సీటును పట్టుకున్నాయి. మూట ఒళ్లోంచి జారింది.

అది కింద పడలేదు. లింగవ్వ రెండు చేతులూ చాచి పట్టుకుంది. ముడి వదులై, మూట నోరు తెరుచుకొని, పిడికెడు బియ్యం ఆమె అరచేతుల్లోకి వచ్చాయి.

బస్సు మళ్లీ కదిలింది. జనం డ్రైవర్‌ను తిట్టారు, డ్రైవర్ లారీవాణ్ని తిట్టాడు. అత్తాకోడళ్లు మాత్రం ఆ చేతుల వంకే చూస్తున్నారు. సరోజన మెల్లగా మూట తీసుకుంది. ఆ అరచేతుల్లోని గింజలను మూటలోకే దులిపి, ముడి బిగించింది.

"ముట్టిన" అంది లింగవ్వ. ఆమె గొంతు అంత చిన్నగా రావడం సరోజన ఎప్పుడూ వినలేదు.

"కింద పడలే గద, అత్తమ్మ."

"ముట్టిన గద పిల్లా."

"నేను చూడలే" అంది సరోజన. తన కొంగుతో అత్త అరచేతులు తుడిచింది. పసుపు పోలేదు. భర్త పోయినప్పట్నుంచి ఆ చేతులకు పసుపు తగల్లేదు. ఇప్పుడు అరచేతి గీతల్లోకి దిగి కూర్చుంది.

నేరడిగొండలో బస్సు ఆగినప్పుడు లింగవ్వ దిగి, హోటల్ ముందున్న తొట్టి దగ్గర మట్టి రాసి చేతులు కడుక్కుంది. వచ్చి కూర్చొని, మళ్లీ చూసుకుంది. తర్వాత చేతులు కొంగులో దాచుకుంది. ఇచ్చోడ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. కండక్టర్ "ఏమవ్వా, పరేషాన్ ఉన్నవ్?" అన్నా పలకలేదు.

అనసూర్య అత్తగారిల్లు రోడ్డుకు దగ్గరే. తూర్పు ముఖం ఇల్లు. అత్త గంగుబాయి వాకిట్లోనే ఎదురొచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, గోచీ పోసి కట్టిన చీర. "యా యా, వదినె, బసా" అని మరాఠీలో రమ్మని, కూర్చోమని పిలిచి, కాళ్లకు నీళ్లిచ్చి, "ఎన్నేండ్లకు వస్తిరి! మా కోడలు రోజు తొవ్వ చూసుడే" అని తెలుగులోకి వచ్చింది. సరోజన చేతిలోని మూట చూసి కళ్లు పెద్దవి చేసుకుంది. "ఓటీ తెచ్చిండ్రా, ఒడిబియ్యం! అచ్చం సరైన టైముకు తెచ్చిండ్రు."

ఎందుకలా అన్నదో అనసూర్య బయటికి వచ్చాక తెలిసింది. ఆమెకు ఏడో నెల. పైటకొంగు ఎంత కప్పుకున్నా దాగడం లేదు.

"అవ్వా!" అని వచ్చి తల్లిని పట్టుకుంది. "ఎవలికి చెప్పలే. పోయినసారి అందరికి చెప్పుకున్నం గద... ఈసారి కాన్పయ్యేదాక ఎవలికి చెప్పద్దన్నది మా అత్త."

మెటికలు విరవడానికి లింగవ్వ చేతులు కూతురి ముఖం దాకా లేచాయి. అక్కడ ఆగాయి. అరచేతులు తిప్పుకొని, మళ్లీ కొంగులో పెట్టుకుంది.

"ఏందవ్వా, చేతికి దెబ్బ తాకిందా?"

"లేదు బిడ్డా. దుమ్ము. బస్సుల వచ్చిన గద."

పొద్దు వాలకముందే కానిద్దామని గంగుబాయి చుట్టుపక్కల ముత్తయిదువలను పిలవడానికి పోయింది. లింగవ్వ బావి దగ్గర మళ్లీ చేతులు కడుగుతోంది. సరోజన అక్కడికి వెళ్లింది. మూట అనసూర్య ఒళ్లో పెట్టి వచ్చింది, చేతులు తేలిగ్గా ఉన్నాయి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"నేనెవలికి చెప్ప, అత్తమ్మ" అంది.

"నువ్వు చెప్పవు తీయ్. నువ్వు మాట్లాడితే గద చెప్పేది." లింగవ్వ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "చెయ్యి పడ్డది. ఇగ కన్ను గూడ పడాల్నా? ఒక బిడ్డ పోయింది దానికి."

"ఆ చెయ్యే లేకపోతే బియ్యమన్ని బస్సుల పడేటియి. ఇప్పుడు పోసుటానికి ఉండేటియి గావు."

లింగవ్వ కోడలి ముఖంలోకి చూసింది. ఇంతలో గంగుబాయి లోపలికి పిలిచింది.

ముందు గదిలో పీట వేసి, ముగ్గు పెట్టి, అనసూర్యను తలుపుకు ఎదురుగా కూర్చోబెట్టారు. పిలిచిన ఆడవాళ్లు గోడల వెంట కూర్చున్నారు. లింగవ్వ గడప బయట నిలబడింది. వాళ్లేమంటారోనని సరోజన ఒక్కొక్కరి ముఖమే చూసింది. గంగుబాయే అంది:

"వదినె, మా దిక్కు గడప దాటి లోపటికి రారు. గని తల్లివి. గంత దూరం నుంచి వస్తివి. తలుపు తీసే పెడ్త, ఆడికెళ్లి చూడు. ఏం ఫికర్ లేదు."

అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. లింగవ్వ కోరింది కోరినట్టే ఉంది. తలుపు తీసి ఉంది, కూతురు ఎదురుగా ఉంది. సాయంత్రపు వెలుతురు ఇంకా మిగిలే ఉంది.

సరోజన మూట విప్పింది. అనసూర్య కొంగు చాపి ఒడి పట్టింది, కడుపు అడ్డం వచ్చి ఒడి చిన్నదైపోయింది. ఆడవాళ్లు నవ్వారు. సరోజన రెండు చేతులూ కలిపి దోసిలి నిండా బియ్యం తీసుకొని వంగింది. వంగి, అత్త చూస్తున్నదా అని తలుపు వైపు చూసింది.

లింగవ్వ కొంగులోంచి చేతులు బయటికి తీసింది. అరచేతులు చూసుకుంది. తర్వాత కూతురి కడుపు వంక చూసింది, చాలాసేపు, మళ్లీ చూడదన్నట్టు. ఒక అడుగు వెనక్కి వేసింది.

"అత్తమ్మ!" సరోజన గొంతు గదిలో అందరికీ వినబడింది. తనకు కూడా కొత్తగా వినబడింది. "నువ్వు చూస్తెనే పోస్త. నువ్వు ఆడ నిలవడకుంటే నేను పొయ్య."

గోడల వెంట ఆడవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. అనసూర్య తల తిప్పి తల్లి వైపు చూసింది.

"గంత గట్టిగ అరుస్తరా పిల్లా, పదిమందిల?" అంది లింగవ్వ. కోప్పడినట్టు లేదు. "చూసిన తీయ్. బొచ్చెడు చూసిన. నిమ్మలంగ పొయ్యి బిడ్డా, చెప్పినట్టు. ఐదుసార్లు."

సరోజన దోసిలి అలాగే పట్టుకొని లేవబోయింది. బియ్యం కింద పడతాయని లేవలేకపోయింది.

లింగవ్వ అరచేయి తగలకుండా కొంగు చేతికి చుట్టుకొని, తలుపు కడియం పట్టుకొని, బయటి నుంచి దగ్గరికి లాగింది.